అత్త మొక్కేసిన మావయ్య కారు

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, ఒళ్ళో పుస్తకం ఉన్నా నేను తెరవను. ఆ దారిలో చూడాల్సినవి వేరే ఉంటాయి. చేలగట్ల మీద, దొడ్ల వెనక, గడ్డివాముల చాటున పాత కార్లు కనిపిస్తాయి. ఒకదాని మీద సొరపాదు పాకి, పగిలిన అద్దంలోంచి లోపలికి దూరి, డ్రైవరు సీట్లో కాయ కాసింది. ఇంకోదానికి తలుపుల్లేవు, మేకలు ఇటు ఎక్కి అటు దిగుతాయి. బాపట్ల వెళ్ళే దారిలో చుండూరు దాటాక ఒకటుంది, దాని ఒంటి నిండా పిడకలు కొడతారు. ఎండకి కాగే రేకు కదా, తొందరగా ఆరతాయి.

ఇవన్నీ కాలవలకి నీళ్ళు రాని ఏళ్ళలో ఆగిపోయిన బళ్ళు. డెల్టాలో కరువేంటి అని పైఊళ్ళ వాళ్ళు నవ్వుతారు. మా గ్రంథాలయం గోడకి ఒక పాత కాలవల పటం ఉంది. దాన్ని నేను చాలాసార్లు నిలబడి చూశాను. చెట్టులా ఉంటుంది. మొదలు దగ్గర లావుగా, చివరికి వచ్చేసరికి వెంట్రుకంత. ఆ వెంట్రుకల చివర ఉండేవి శివారు భూములు. మొదలువాళ్ళు తాగగా మిగిలిందే శివారుకి వస్తుంది. ఏమీ మిగలని ఏళ్ళలో కారున్న రైతు ముందు కారునే పస్తు పెట్టాడు. చేలో పాక కింద తోసి, వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాడు. వచ్చే ఏడూ అలాగే అయింది. తర్వాత నీళ్ళొచ్చాయి, పంటలొచ్చాయి, కొత్త బళ్ళొచ్చాయి. పాతవాటిని మాత్రం ఎవరూ లేపలేదు.

రేపల్లె అవతల, సముద్రం వైపున్న ఒక ఊళ్ళో మా మేనత్త వాళ్ళ చేలో కూడా ఒక కారు అలా నిలబడిపోయింది. గుండ్రటి ముక్కు, కప్పకళ్ళ లాంటి దీపాలు. ఎవరో చర్చి మిషను దొర ఊరు విడిచి వెళ్తూ అమ్మితే మావయ్య వాళ్ళ నాన్న కొన్నాడు. "అత్త వాళ్ళ కారు" అని నేను తేలిగ్గా అనేశాను గానీ, అసలు గొడవంతా అది ఎవరిదన్న దాని మీదే.

ఆ కరువు ఏడు నేను అత్త వాళ్ళింట్లోనే ఉన్నాను. పదో తరగతి అయిపోయింది, పెళ్ళి ఇంకా కాలేదు, మధ్యలో ఖాళీ. నీళ్ళు వంతుల మీద వదిలేవారు. మా వంతు వచ్చేసరికి కాలవ అడుగున కాళ్ళకి అంటుకునే తడి మాత్రం ఉండేది. ఎలాగో నారు ఊడ్చిన చేను ఎలాగో పొట్టకొచ్చింది. పొట్టకొచ్చిన వరికి నీళ్ళు అందకపోతే కంకి తాలుపోతుంది. అప్పటిదాకా పడ్డ పాటంతా గడ్డి కింద లెక్క.

చేను పక్కనే మురుగు కాలవ ఉంది. అది పోయి సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పునీళ్ళు ఎదురెక్కి చేల దాకా వస్తాయి. ఆటు మీద ఉంటే పైనుంచి దిగే చప్పటి నీళ్ళు దొరుకుతాయి. తోడడానికి పంపు ఉంది. తిప్పడానికి ఇంజను లేదు. ఊళ్ళో ఉన్న ఆయిలింజన్లన్నీ అప్పటికే ఎవరెవరి చేలల్లోనో దడదడలాడుతున్నాయి. అడిగితే "మాది తడిశాక ఇస్తాం" అనేవారు. ఎవరి చేనూ తడిసేది కాదు.

ఒక పొద్దున మావయ్య కారు తీసుకొచ్చి మురుగు కాలవ గట్టు మీద పెట్టాడు. వెనక చక్రాల్లో ఒకదాని కింద జాకీ పెట్టి గాలిలోకి లేపాడు. టైరు ఊడదీసి, ఉత్త ఇనప చక్రానికి బెల్టు వేసి, దాన్ని పంపుకి తగిలించాడు. కారు స్టార్టు చేసి గేరు వేయగానే నేల మీద ఉన్న చక్రం కదలకుండా నిలబడింది, గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరిగింది. పంపు నోట్లోంచి నీళ్ళు దుమికాయి. అంత బరువైన కారులో ఒక చక్రం ఆగి ఇంకోటి ఎలా తిరుగుతుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. కొన్నేళ్ళ తర్వాత గ్రంథాలయంలో చదివాను. వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని ఒక పళ్ళ డబ్బా ఉంటుందట. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువా లోపలి చక్రం తక్కువా తిరగాలి కాబట్టి, ఏ చక్రానికి సులువుంటే తిప్పుడంతా దానికి ఇచ్చేస్తుందట. ఆ పేజీ దగ్గర నేను బల్ల మీద చెయ్యి కొట్టి "అదన్నమాట!" అన్నాను. పేపర్లు చదువుకునే పెద్దలందరూ తలెత్తి చూశారు.

ఆ రోజుల్లో ఎప్పుడు తోడాలో చెప్పేది మాత్రం అత్త. గట్టు దిగి, కాలవలో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకునేది.

"ఏంటి?" అని మావయ్య స్టీరింగు దగ్గర్నుంచి అరిచేవాడు.

"ఉప్పు."

"ఎంత ఉప్పే?"

"పప్పులోకి సరిపోయేంత."

"అయితే ఆపుతున్నా. నీ నాలికని నమ్మి కారు ఆపుతున్నాను, గుర్తుంచుకో."

"మీ కారుని నమ్మి నేను మురుగునీళ్ళు నాకుతున్నాను. ఎవరిది పెద్ద నమ్మకం?"

చూడ్డానికి వచ్చినవాళ్ళు గట్టు మీద కూర్చుని నవ్వేవాళ్ళు. "పొద్దుట్నుంచీ పరిగెడుతోంది, ఒక్క అడుగు ముందుకి పడలేదు. మనకి మల్లేనే!" అనేవారు.

ఇంకొక్క తడి ఇస్తే చేను గట్టెక్కుతుందనగా, మిట్టమధ్యాహ్నం కారు గట్టిగా దగ్గి, పొగలు కక్కి ఆగిపోయింది. మావయ్య దాని కిందకి దూరాడు. అత్త మోకాలి లోతు బురదలో నిలబడి ఉంది. అక్కడే రెండు చేతులూ ఎత్తింది.

"ప్రభువా, ఈ ఒక్క తడి దాటించు. పంట చేతికొస్తే ఈ కారు నీ గుడికి ఇచ్చుకుంటాను."

కారు కింద నుంచి మావయ్య తల బయటికొచ్చింది, మొహం నిండా నల్ల గ్రీజు. "ఏంటే? దేన్ని ఇచ్చుకుంటావు?"

"కారుని."

"నా కారునా? నన్ను అడక్కుండానా?"

"అనేశాను."

"వెనక్కి తీసుకో! నీ చెవుల దుద్దులు మొక్కుకోవచ్చు కదే!"

"దుద్దులు నీళ్ళు తోడాయా?"

మావయ్య మళ్ళీ కారు కిందకి దూరి, ఏదో గొట్టం ఊడదీసి, నోటితో ఊది పెట్టాడు. కారు స్టార్టయింది. ఆఖరి తడి పారింది. ఆ సాయంత్రానికి ఇంజను మళ్ళీ ఆగింది. ఇక లేవలేదు. పంట మాత్రం వచ్చింది. గొప్పగా కాకపోయినా, ఆ ఏడు మా చుట్టుపక్కల శివారులో కుప్ప వేసిన చేను అదొక్కటే.

గొడవ ఆనాడే మొదలైంది. మావయ్య ఊదితే స్టార్టయిందా, అత్త మొక్కితే స్టార్టయిందా? మావయ్య ఊదాడు కాబట్టే అంటే కారు మావయ్యది. అత్త మొక్కింది కాబట్టే అంటే కారు గుడిది. తేలేదాకా దాన్ని బాగుచేయించడానికి అత్త ఒప్పుకోలేదు, దేవుడి బండిలో మనం తిరగకూడదని. ఇచ్చేయడానికి మావయ్య ఒప్పుకోలేదు, పంట కాపాడినందుకు దానికి ఇల్లు లేకుండా చేయడం ఏం న్యాయమని. కారు గట్టు పక్కన పాక కింద ఉండిపోయింది. కోళ్ళు కాపురం పెట్టాయి.

ఇందులో గుడి పద్ధతి ఒకటుంది. మా లూథరన్ వాళ్ళకి కోతలయ్యాక కోతపండుగ వస్తుంది. పండించినదాంట్లోంచి మొదటిభాగం తలమీద పెట్టుకుని, వరసగా పాడుకుంటూ గుడిలోకి నడుస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, గుడ్లు, అరటిగెలలు. ఆ ఊరి గుడిలో ఇంకో మాట కూడా ఉంది: నడిచేది ఏదైనా నడిచే రావాలి. కోడి కాలికి తాడు కట్టి నడిపిస్తారు. దూడని ఎత్తుకు రానివ్వరు. అందుకని అత్త ఒకసారి ట్రాక్టరుతో కారుని లాక్కొస్తానని అడిగితే సంఘపెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. "తిరిగే వస్తువుని తాడు కట్టి ఈడ్చుకొస్తే శవాన్ని తెచ్చినట్టు ఉంటుందమ్మా. తనంతట తాను రానివ్వండి."

మావయ్యకి ఆ మాట తేనెలా తగిలింది. "విన్నావుగా. అది నడిచి గుడికి వెళ్తే నేను అడ్డం రాను. మాటంటే మాటే" అన్నాడు. అది నడవదని ఆయన ధీమా.

మొక్కు చెల్లలేదని అత్త ఆ తర్వాత ఏ కోతపండుగలోనూ వరసలో నడవలేదు. గంప నా చేతికో పక్కింటావిడ చేతికో ఇచ్చి, గుడి గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడేది. లోపలికి రమ్మంటే "పెద్ద మాటొకటి బాకీ ఉంటే చిన్న గంప పట్టుకుని ఎలా వస్తానే?" అనేది. నవ్వుతూనే అనేది. పాటలన్నీ బయట్నుంచే మాకంటే గట్టిగా పాడేది. కానీ అందరం వరసలో లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే, అన్ని చెప్పుల మధ్య ఆమె ఒక్కత్తే కనిపించేది.

ఈ ఏడు ఆ చేనుని రొయ్యల చెరువులకి ఇచ్చేశారు. మావయ్య మోకాళ్ళు బురదలో దిగడానికి ఒప్పుకోవడం లేదు, పిల్లలు ఊళ్ళో లేరు, చుట్టూ ఉన్న చేలన్నీ ఇప్పటికే చెరువులయ్యాయి. ఈ పంట కోశాక మట్టి తవ్వే మిషను వస్తుంది. ఆ విషయం చెప్పడానికి అత్త నాకు ఫోన్ చేసింది.

"చేను పోయాక కోతపండుగకి నేను ఏం పట్టుకెళ్తానే? ఇదే ఆఖరు. ఈసారి నేను వరసలో నడవాలి. నువ్వు అన్నేసి పుస్తకాలు చదువుతావు కదా, ఆ కారు నడిచే దారి ఎక్కడైనా రాసుందేమో చూడు."

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను తెనాలిలో ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. చదువు పదితో ఆగింది. గ్రంథాలయం తెరిచే వేళకి మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. కథల పుస్తకాలు అయిపోయాక పక్క బీరువా మొదలుపెట్టాను. నక్షత్రాలు, తేనెటీగలు, రాజుల శాసనాలు, పశువైద్యం, మోటారు బళ్ళు. "ఇవన్నీ నీకెందుకమ్మా?" అని అక్కడి మాస్టారు అడిగితే "ఎప్పుడో పనికొస్తాయండి" అనేదాన్ని. పశువైద్యం ఇంతవరకు పనికి రాలేదు. మోటారు పుస్తకం వంతు వచ్చింది.

అట్టపోయిన పాత పుస్తకం అది. ఎవరో తెలుగులో ఓపిగ్గా, పటాలు వేసి మరీ రాశారు. తీరా నాకు కావాల్సిన భాగం దగ్గర చెదలు తినేశాయి. చాలాకాలం నిలిపేసిన ఇంజనుని లేపడం ఎలా అన్న శీర్షిక ఉంది, దాని కింద ఒక కన్నం ఉంది. మాస్టారు ఎక్కడెక్కడో కనుక్కుని, అదే పుస్తకం బాపట్ల గ్రంథాలయంలో ఉందన్నారు. ఒక పెళ్ళివాళ్ళ జాకెట్లు ఇవ్వాలన్న వంకతో బాపట్ల రైలెక్కాను. ఆ పుస్తకం తెరిస్తే పేజీలన్నీ ఉన్నాయి. ఎవరూ అంతగా తెరిచినట్టు లేరు, కొత్త పుస్తకంలా చప్పుడు చేసింది. ఫోన్లో ఫొటోలు తీసుకుని, అప్పటికీ తనివి తీరక, గ్రంథాలయం మూసేదాకా కూర్చుని చదివాను.

ఆ వారం అత్తవాళ్ళూరు వెళ్ళి మావయ్యకి చెప్పాను. "ఇంజను పట్టేసింది, పోయింది అంటావు కదా. పోయి ఉండకపోవచ్చు. లోపల తుప్పు అంటుకుని బిగుసుకుపోయి ఉంటుంది. ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లో కొంచెం నూనె, కొంచెం కిరసనాయిలు పోసి కొన్నాళ్ళు వదిలెయ్యాలి. ఆ తర్వాత హ్యాండిలుతో మెల్లగా తిప్పాలి."

మావయ్య నన్ను పైనుంచి కిందకి చూశాడు. "జాకెట్టు చంకలో బిగుసుకుంటే నువ్వు నా సలహా అడుగుతావా?"

"అడగను."

"మరి?"

"మరి నా పుస్తకం తప్పని చూపించు."

"ఆ కారు గురించి ఆ పుస్తకానికేం తెలుసే! దాన్ని నేను పెళ్ళికాకముందు నుంచీ ఎరుగుదును."

అప్పటికి మాట ఆగిపోయింది. మళ్ళీ వారం నేను వెళ్ళేసరికి కోళ్ళు పాక బయట ముడుచుకు కూర్చుని, అద్దె ఇంట్లోంచి గెంటేసిన వాళ్ళలా అరుస్తున్నాయి. కారు లోపల ఊడ్చి ఉంది. ముక్కు తలుపు ఎత్తి చూస్తే ప్లగ్గుల కన్నాల చుట్టూ నూనె మరకలు.

"మావయ్యా, ఇందులో నూనె ఎవరు పోశారు?"

"కోళ్ళు పోసుంటాయి."

అత్త నా వైపు చూసి కన్ను కొట్టింది. ఆయన ముందు ఒక్క మాటా అనొద్దని సైగ చేసింది. మెచ్చుకుంటే మానేస్తాడట.

అక్కడ్నుంచి ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. హ్యాండిలు వేసి తిప్పితే ఇంజను మూలిగింది, కదిలింది. దాని పెట్రోలు పంపు పూర్తిగా పోయింది. పుస్తకంలో పంపు మార్చడం గురించి చక్కటి పటం ఉంది గానీ, ఆ పంపు ఇప్పుడు ఎక్కడా దొరకదు. మావయ్య ఒక సెలైన్ సీసా సంపాదించి, కారు కప్పు లోపల కట్టి, పెట్రోలు పోసి, ఆ గొట్టమే ఇంజనుకి పెట్టాడు. "ఆస్పత్రి నుంచి ఇప్పుడే దిగినట్టుంది" అంది అత్త. బ్యాటరీ ఊళ్ళో ఒక ట్రాక్టరుది. టైర్లు బాపట్లలో ఒక పాత టైర్ల కొట్టులో దొరికాయి. నాలుగూ నాలుగు రకాలు. నేను సీట్లకి కొత్త తొడుగులు కుట్టాను. పెళ్ళివాళ్ళ జాకెట్లలో మిగిలిన పట్టు ముక్కలు అంచుగా వేశాను. ఈ కారు మీద నేను సొంతంగా చేసిన పని అదొక్కటే. చాలా బాగా కుదిరింది.

పండుగ దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం కారు స్టార్టయింది. గట్టు మీద ఉన్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది, పొగ అంది. మావయ్య స్టీరింగు ముందు రాజులా కూర్చుని గేరు వేశాడు. పడలేదు. ఇంకోటి వేశాడు. పడలేదు. గేరు పుల్లని అటూ ఇటూ ఊపి, పళ్ళు కొరికి, బలంగా లాగాడు. కర్రున ఏదో పడింది. కారు ఒక్క ఊపు ఊగి, బయల్దేరి, వెనక్కి వెళ్ళి గడ్డివామిలో దూరింది.

వెనక గేరు తప్ప ఏదీ పడలేదు. కరువులో రోజుల తరబడి ముందుకెళ్ళే గేర్లనే తిప్పాం కదా, అవన్నీ అలిగి ఉంటాయి అన్నాడు మావయ్య, గడ్డి దులుపుకుంటూ. పుస్తకం చూశాను. గేర్ల పెట్టె మొత్తం దించి విప్పమంది. దానికి రోజులు పడతాయి. అన్ని రోజులు మా దగ్గర లేవు.

మావయ్య ముందుగా తేరుకున్నాడు. "ఇది నడక కాదు. నడిచినట్టు లెక్క కాదు" అన్నాడు. అన్నాడే గానీ, గొంతులో గెలిచిన ధ్వని లేదు.

అత్త చెప్పులేసుకుంది. "అయ్యగారినే అడుగుదాం పద."

అయ్యగారు, అంటే ఆ గుడి పాదిరిగారు, చిన్నవయసాయన. విషయం విని నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అక్కడే ఉన్న ఆ సంఘపెద్ద మాత్రం గంభీరంగా తల అడ్డంగా ఊపారు. "గుడికి ముడ్డి పెట్టి రావడం మర్యాద కాదండీ. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"నిరుడు మీరు తెచ్చిన దూడ ఎట్టా వచ్చిందండీ?" అంది అత్త.

ఆ దూడ పాటలకి బెదిరి, గుమ్మం దగ్గర అడ్డం తిరిగి, తోక ముందు పెట్టుకుని లోపలికి వచ్చిందని ఊరంతటికీ తెలుసు.

"వచ్చిందా లేదా అన్నదే చూద్దామండీ. ఎటు తిరిగి వచ్చిందో దేవుడు చూసుకుంటాడు" అన్నారు అయ్యగారు.

పండుగ పొద్దున ఊరి వీధి రెండువైపులా జనం. గంపల వరస ముందు నడిచింది. దాని చివర కారు, వెనక భాగం ముందు పెట్టుకుని, మెల్లగా. మావయ్య తెల్లచొక్కా వేసుకుని, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి నడుపుతున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని సీసా ఊగకుండా పట్టుకున్నాను. అత్త కారు పక్కనే నడుస్తోంది. తలమీద వడ్ల గంప, ఒక చెయ్యి కారు తలుపు మీద. దూడని నడిపించినట్టే నడిపిస్తోంది.

"బాబాయ్, ఎటు పోతున్నావు, వస్తున్నావా వెళ్తున్నావా?" అని ఎవరో అరిచారు.

"నీ పెళ్ళికి వెళ్తున్నాంరా. అదీ ఎప్పుడూ వెనక్కే పోతోందిగా!" అంది అత్త నడక ఆపకుండా.

గుడి ఆవరణ గేటు దగ్గర చిన్న మిట్ట ఉంది. కారు అక్కడ మూలుగుతూ ఆగబోయింది. మావయ్య ఆగిపోనిచ్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయనన్న మాటా నిలబడేది, కారూ మిగిలేది. నేను ఆయన వైపు చూశాను. ఆయన అద్దంలోంచి అత్తని చూస్తున్నాడు. ఆమె గేటు దాటి ముందుకెళ్ళి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గంప సర్దుకుని, కారు కోసం ఆగి నిలబడి ఉంది.

"సీసా ఎత్తి పట్టుకోవే!" అని నా మీద అరిచాడు మావయ్య. నేను రెండు చేతులతో పైకెత్తాను. ఆయన కాలు అదిమాడు. కారు గర్జించి, మిట్ట ఎక్కి, గుడి ముందు నిలబడింది.

అత్త లోపలికి నడిచింది. వరసలో, అందరి మధ్యా. ఆ నడక చూసిన వాళ్ళు ఆమె మోకాళ్ళకి నొప్పులున్నాయంటే నమ్మరు.

ఆరాధన అయ్యాక ఆవరణలో పాట పెట్టారు. తెచ్చినవన్నీ వేలం వేసి, వచ్చింది గుడికి జమచేస్తారు. ఆ ఊళ్ళో పాట పాతకాలం నుంచీ వడ్ల బస్తాల్లోనే. గుడ్లు, గుమ్మడికాయలు అయ్యాక కారు వంతు వచ్చింది. ఎవరూ నోరు విప్పకముందే మావయ్య పాడేశాడు. ముందే ఆలోచించుకుని వచ్చాడని అప్పుడు తెలిసింది. ఇంతలో సముద్రం దారిలో హోటలు పెట్టిన ఒక కుర్రాడు పైపాట పాడాడు. హోటలు ముందు పెడితే వచ్చేవాళ్ళు ఫొటోలు దిగుతారట. మావయ్య మొహం నల్లబడింది. ఇంకో బస్తా పెంచాడు. కుర్రాడూ పెంచాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి అత్త గొంతు వినిపించింది. "ఇంకో రెండు బస్తాలు!"

జనం గొల్లుమన్నారు. మావయ్య లేచి నిలబడ్డాడు. "ఏమే, నీకెందుకే పాట? నీ బస్తాలు వేరే, నా బస్తాలు వేరేనా?"

"దేవుడి వస్తువు మీకు చవగ్గా దొరకాలా? పాడండి!"

"పిన్నీ, మీ ఇద్దరి మధ్యలో నేనెందుకు" అని కుర్రాడు దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాల పాట మాత్రం ఆగలేదు. ఆయన ఒకటి పెంచితే ఆమె ఒకటి పెంచింది. పాట నడుపుతున్న సంఘపెద్ద నవ్వీ నవ్వీ సుత్తి కింద పడేసుకున్నారు. ఇంట్లో ఏ గదిలో ఎన్ని బస్తాలున్నాయో అత్తకి తెలుసు. తిండిగింజలకి మాత్రమే మిగిలేంత దగ్గరికి పాట రాగానే ఆమె ఠక్కున నోరు మూసుకుంది.

కారు మావయ్యకి ఖాయమైంది.

అందరం కలిసి దాన్ని ఆవరణలో తోసి, వెనక భాగం గేటు వైపుకి తిప్పాం. మావయ్య స్టీరింగు ముందు కూర్చుని, పక్క తలుపు లోపల్నుంచి తోసి తెరిచాడు.

"ఎక్కు. ఇప్పుడు ఇది దేవుడిది కాదు."

అన్నేళ్ళుగా ఆ కారు గడప తొక్కని మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కింది. పట్టు అంచు మీద చెయ్యి వేసి చూసుకుంది. నేను వెనక సీట్లోకి దూరి సీసా పట్టుకున్నాను.

"నేరుగా ఇంటికేగా?" అన్నాడు మావయ్య, మెడ తిప్పుకుంటూ.

"నేరుగా ఏంటి! రెండు వీధులూ తిప్పి తీసుకెళ్ళండి" అంది అత్త. "అన్ని బస్తాలు పోశాం."